రెట్టలపై కినుక

గత మంగళవారమునాడు మా వీధి మొగలోని మర్రిచెట్టును కూల్చివేసిరి. కారణమడుగగా, పండ్లు మాగిన దినములలో పగలు గోరింకలును కోయిలలును, రాత్రి గబ్బిలములును చేరి క్రింద నిలిపిన కార్లపై రెట్టలు వేయుచున్నవని సెలవిచ్చిరి. నలువది యిండ్లవారు సంతకములు చేసిరట, నేను చేయలేదు.

ఆ రెట్టయే విత్తుటయని వీరెరుగరు. ఆవగింజకన్న చిన్నదైన మర్రివిత్తు, పిట్టకడుపులో గుజ్జును వదలించుకొని, తాటిమట్టల మొదళ్ళలోనో పాతగోడ నెఱ్ఱెలోనో పడి, అచ్చటనే మొలచి, క్రమముగా నేలకు వేరు దించును. తాటిని కౌగిలించుకొన్న మర్రిని చూడని తెలుగువాడుండునా? బాదముకాయను గబ్బిలము దూరముగా గొనిపోయి, కండ తిని, టెంకను జారవిడుచును. వేపపండు సంగతియు నట్టిదే. ఉత్తరేణికి పండే లేదు గనుక, వినాయకచవితి పత్రికై పొదలలో దూరినవాని పంచెయంచును, మేయు పశువుల తోకలను పట్టుకొని ప్రయాణము సాగించును. సర్కారుతుమ్మను పంచిపెట్టినదియు మేకలే కదా యని యెవరైన నాక్షేపింతురేని, కాయ తిన్నది మేకయే కాని, ఆ చెట్టును ఈ దేశమునకు తెచ్చినది మేక కాదని మనవి.

2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నపు చెట్లను వేలకొలదిగా పెకలించిన పిమ్మట, మనము మొక్కలు కొని, గోతులు త్రవ్వించి, ట్యాంకర్లతో నీరు పోయించితిమి. సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ యడవిలో విత్తనము మోసిన పిగిలిపిట్టకును, రేగుపండ్లు మ్రింగిన నక్కకును ఏ కాంట్రాక్టరు కూలి చెల్లించెను? రోడ్ల నడుమ మనము వరుసలు దీర్చిన కొనోకార్పసులో పిట్ట ముక్కున కరచుకొనదగిన పండొక్కటియు లేదు.

మర్రిపాలెము, వేపగుంట, తాటిచెట్లపాలెము: పూర్వులు చెట్టును చూచి ఊరికి పేరిడిరి. మనమో, చెట్టును నరికి, ఆ చోట లేచిన మేడకు 'గ్రీన్' అనియో 'పార్క్' అనియో ఆంగ్లములో పేరు చెక్కించుచున్నాము. ఈ పేర్లు పెట్టువారికి తెలుగులో ఒక్క చెట్టు పేరును తోచదా?

నిన్న మరల కాగితమొకటి వచ్చినది. కార్లు ఎండకు మాడుచున్నవట. నీడకై రేకులపందిరి వేయుటకు చందా లడుగుచున్నారు. సంతకములలో మొదటిది చెట్టును కూల్చుటకు మొదట సంతకము చేసిన పెద్దమనిషిదే.