బీరువాలో ఉండిపోయిన ముసుగు



ఈ నెల నా తప్పు ఒకటి మీతో చెప్పుకోవాలి.

మా అమ్మది నరసాపురము. పెండ్లికి ముందు, ఏజెంటు ఇచ్చిన పని ముగించాక, రాత్రిళ్లు దీపము దగ్గర కూర్చుని తనకోసము కొంత లేసు అల్లుకుంది. తెల్లని నెట్టు గుడ్డకు చుట్టూ ఆ లేసు కుట్టి, ఆ ముసుగుతోనే మందిరములో నిలబడింది. తరువాత అక్క, ఆ తరువాత నేను దానినే వేసుకున్నాము. నా పెండ్లి ఆఖరుది గనుక ముసుగు దిల్‌సుఖ్‌నగర్‌లో నా బీరువాలో ఉండిపోయింది.

అక్క ఉండేది ఎల్.బి.నగర్‌లో. మెట్రోలో మూడో స్టేషను. కూతురి పెండ్లికి ముసుగు అడిగితే, "చిరుగుతుందేమో అక్కా, కొత్తది కొనరాదూ" అన్నాను. అక్క మారు మాటాడలేదు. మా ఇంటికి రావడమూ మానేసింది.

నెల తరువాత బీరువా తెరిచాను. పాలిథీను సంచిలో మడత మడతకు పసుపు గీతలు. అంచున ఒక పువ్వు ఊడి వ్రేలాడుతోంది. భద్రము అనుకుని నేనే పాడుచేశాను.

అమ్మకు చూపించాను. కోప్పడలేదు. "నేను అల్లినవన్నీ ఓడలెక్కి పోయాయి. ఏ దొరల బల్లల మీద పరిచారో! నాకని ఉంచుకున్నది ఇదొక్కటే. దాచుకోవడానికి కాదమ్మా, మీరు కప్పుకోవడానికి" అంది.

గోదావరి ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చింది. కొక్కెము వంటి సన్న సూది, నూలు దారము, అంతే సాధనము. ఇంటిపట్టున గంటల తరబడి అల్లినా, అది గృహిణుల తీరిక పని అని చెప్పి అతి తక్కువ కూలి ఇచ్చేవారని మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో పుస్తకమే వ్రాసింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవము అల్లిన చేతులకూ అందాలి గదా!

అమ్మ చెప్పినట్లే ముసుగును గోరువెచ్చని నీటిలో, ఘాటులేని సబ్బుతో, పిండకుండా ఉతికి, తువ్వాలు మీద పరచి నీడలో ఆరబెట్టాను. బ్లీచింగు వేయలేదు. ఊడిన పువ్వును అమ్మే వణికే చేతులతో మళ్లీ అల్లింది. కొత్త దారము తెల్లగా వేరుగా కనిపిస్తోంది.

దానిని తీసుకుని అక్క గుమ్మము ఎక్కాను. "క్షమించక్కా" అన్నాను. అక్క ఆ తెల్ల పువ్వును చాలాసేపు తడిమి, "అమ్మ ఇప్పుడు అల్లిందా?" అని అడిగి కళ్లు తుడుచుకుంది. పెండ్లినాడు అమ్మాయి ఆ పువ్వు ముందుకు వచ్చేలా ముసుగు వేయించుకుంది.

మీ ఇంట అటువంటిది ఉంటే ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టండి. పాలిథీనులో ఉంచకండి, గంజి పెట్టకండి. ఏటా ఒకసారి తీసి మడత మార్చండి. అడిగిన తోబుట్టువుకు మాత్రము వెంటనే ఇవ్వండి.