ప్లాటు కొనేముందు నీటి దారి చూడాలి

మనలో నాలుగు రాళ్లు వెనకేసుకున్న ప్రతివాడూ మొదట చేసే పని స్థలం కొనడం. గల్ఫ్ ఎండల్లో మాడి సంపాదించిన సొమ్మయినా, చిన్న కొట్టు పెట్టుకుని రూపాయి రూపాయి కూడబెట్టిందయినా చివరికి ఏదో ఒక వెంచర్‌లో ప్లాటుగా మారుతోంది. పిల్లల చదువులకో, పెళ్లిళ్లకో ఆ భూమి ఆదుకుంటుందన్న నమ్మకాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే సరిపోవడం లేదు. గజం ధర ఎంత, రోడ్డు ఎన్ని అడుగులు, రిజిస్ట్రేషన్ అవుతుందా అని అడుగుతున్నాం. వాన పడితే నీరు ఎటు పోతుందని మాత్రం అడగడం లేదు.

అడగకపోతే ఏమవుతుందో హైదరాబాద్ 2020 అక్టోబర్‌లో చూసింది. ఆ నెల 13న ఒక్కరోజే నగరంలో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసింది. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. కొద్దిరోజులకే గుర్రం చెరువుకు గండి పడి హాఫిజ్ బాబానగర్ ఇళ్లలోకి వరద వచ్చింది. వాన ఎక్కువే, కాదనలేం. కానీ ఆ నీరు పోవలసిన నాలాల మీద, నిలవవలసిన చెరువుల్లో మనం గోడలు లేపుకున్నామన్నదీ అంతే నిజం. 1908 మూసీ వరదల తర్వాత ఈ నగరం నీటికి చోటు కేటాయించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టినవే. ఆ తర్వాతి తరాలు ఆ చోటునే గజాల లెక్కన అమ్ముకోవడం శోచనీయం.

చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఆ హద్దునే ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు, చిన్న కుంటలకు 9 మీటర్ల వరకు ఏ కట్టడమూ ఉండకూడదు. శిఖం భూమికి పట్టా ఉండవచ్చు. నీరు తగ్గినప్పుడు అందులో పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టుకోవడానికి మాత్రం ఆ పట్టా పనికిరాదు. చాలామంది మోసపోతున్నది ఇక్కడే. రిజిస్ట్రేషన్ అంటే అమ్మకానికి రుజువు మాత్రమే, అది నిర్మాణానికి అనుమతి కాదు. 2020లో ప్రకటించిన ఎల్ఆర్ఎస్ కూడా చెరువు గర్భంలోని ప్లాట్లకు వర్తించదు.

2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చెరువుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు, జీవితకాలపు పొదుపు ధారపోసి కొన్నవారు యంత్రాల ముందు నిలబడి విలపించారు. అమ్మినవాడు అప్పటికే సొమ్ము చేసుకుని తప్పుకున్నాడు. అనుమతులిచ్చిన అధికారులూ, ఏళ్ల తరబడి పన్ను వసూలు చేసినవారూ ఏమీ ఎరగనట్టు ఉండిపోవడం న్యాయం కాదు. కొన్నవాడి ఇల్లు కూలితే, అనుమతించినవాడి ఉద్యోగం మాత్రం ఎందుకు పదిలంగా ఉండాలి?

"మేము అక్కడ ఉండబోము, ధర పెరిగాక అమ్మేస్తాం" అనేవారూ ఉన్నారు. ఆ ప్లాటు చివరికి ఎవరో ఒక అమాయకుడి చేతికే చేరుతుంది, లేదా అద్దెకున్న కుటుంబం నడుము లోతు నీళ్లలో పిల్లల్ని భుజాన వేసుకుని బయటపడుతుంది. పైన చెరువు పూడిస్తే కింది బస్తీ మునుగుతుంది. కొనేవాడు లేకపోతే చెరువును అమ్మేవాడు ఉండడు. కాబట్టి ఇది లాభనష్టాల లెక్క మాత్రమే కాదు, ఇరుగుపొరుగు పట్ల బాధ్యత కూడా.

మేము సూచించేది కష్టమైన పనేమీ కాదు. స్థలాన్ని వేసవిలో ఒకసారి, గట్టి వాన వెలిసిన మర్నాడు మరోసారి చూడండి. ఊళ్లో పాతకాలం రైతును అడగండి, నీటి దారి ఆయనకు తెలుసు. సర్వే నంబరు తీసుకుని హెచ్‌ఎండీఏ చెరువుల పటంతో సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా నమోదు ఉందో లేదో చూడండి. బోరు నీటిని పరీక్ష చేయించండి. పటాన్‌చెరు పరిసరాల్లో పరిశ్రమల వ్యర్థాలతో భూగర్భజలం ఎంతగా చెడిందో తెలిసిందే. పరదేశంలో ఉన్నవారు బ్రోకరు పంపిన ఫోటోలు చూసి బయానా ఇవ్వవద్దు.

ప్రభుత్వం కూడా తన వంతు చేయాలి. చెరువులన్నిటికీ ఎఫ్‌టీఎల్ తుది ప్రకటన వెలువరించి, ఆ సర్వే నంబర్లను ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయించాలి. కూల్చివేతల కంటే ఆ ఒక్క బోర్డు ఎక్కువ మందిని కాపాడుతుంది. ఈలోగా మన సొమ్ముకు మనమే కాపలా. చెరువుకు దస్తావేజు అక్కరలేదు. వానాకాలం రాగానే తన స్థలం తాను తీసుకుంటుంది.