ప్రాచీనమైనంతనే ధర్మమగునా?

జాతరలు వచ్చినపుడెల్ల నొక వాదము తలయెత్తుచున్నది: బలి తాతముత్తాతలనాటిది, కావున మతము, కావున ముట్టరానిది. పశుపక్షి బలులను నిషేధించు శాసనము మద్రాసు రాష్ట్రమున 1950లోనే పుట్టినది. శాసనము పుస్తకములలో నున్నది. కత్తి జాతరలో నున్నది.

మేము శాసనమును చూపి యెవరిని బెదిరింపబోము. మతమునకు అత్యావశ్యకమేదో ఆ మతసిద్ధాంతములనుబట్టియే తేల్చవలెనని 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీముకోర్టు పలికినది. బలివాదులకు మిక్కిలి ప్రియమైన మాట! సరే, ఆ కొలబద్దనే తెండు.

ప్రాచీనతయే ప్రమాణమైనచో మేకతో నాగనేల? శతపథబ్రాహ్మణమున పురుషమేధము కలదు. యూపములకు మనుష్యులను కట్టిన పిమ్మట, దీనిని ముగింపవలదు, ముగించిన నరుడు నరుని తినునని యొక వాణి పలుకుటయు, కట్టినవారిని విడిచిపుచ్చుటయు ఆ గ్రంథముననే కలవు. ఐతరేయబ్రాహ్మణము మరియు చిత్రమైన కథ చెప్పుచున్నది. యజ్ఞసారము మనుష్యుని వీడి గుఱ్ఱమును, గుఱ్ఱమును వీడి యెద్దును, పిదప గొఱ్ఱెను, మేకను చేరి, తుదకు భూమిలో దూరి వరిధాన్యమైనదట! పురోడాశమునకు మూలమిదియే. తరువాతి ధర్మశాస్త్రకారులు అశ్వమేధ నరమేధములను కలివర్జ్యములని త్రోసిపుచ్చిరి. వీరెవ్వరును దొరలు గారు; మన వైదికులే. నేడు గృహప్రవేశమున గుమ్మడికాయను కుంకుమతో పగులగొట్టు గృహస్థుడు, మేకపోతు తెగలేదే, నా మతము చెడెనే యని విచారించుట మేమెరుగము.

ఆ గ్రంథములలోనే పశుయాగములును కలవందురు. కలవు, మేము కాదనము. ఒకే గ్రంథమున ఎత్తిన కత్తియు దించిన చేయియు నున్నపుడు, ఏది మనదో యెన్నుకొను భారము మనది. దానిని మృతులైన పూర్వులపై మోపుట పిరికితనము.

సతీసహగమనమును 1829లో నిషేధించినపుడు కలకత్తా ధర్మసభవారును ఈ ప్రాచీనతనే చేతబట్టుకొని ప్రీవీకౌన్సిలుదాక పోయి 1832లో ఓడిరి. అంతకుముందే శాస్త్రములతో వారిపక్షమును ఖండించినవాడు రామమోహనరాయలు. అయినను 1987లో రాజస్థానమందలి దేవరాలాలో పదునెనిమిదేండ్ల వితంతువు చితిపై కాలగా, సంప్రదాయమని జేజేలు పలికిన గుంపులను మనదేశము చూచినది.

పోలేరమ్మకు ఐతరేయముతో పనియేమని యొకరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇంట మాంసము భుజించుచు పేదవాని మేకను మాత్రము నిందించు పట్టణపు పెద్దలయెడల మాకును గౌరవము లేదు. కాని పొంగలియు, వేపాకును, పసుపునీళ్లును ఆ తల్లి పూజలు గావా? రక్తము లేనిదే ఆమె యలుగునని చెప్పువాడు ఆమెను స్తుతించుచున్నాడా, దూషించుచున్నాడా?

పోలీసులు వచ్చి చెప్పువఱకు మనము మారకుండుట తలవంపు. వచ్చు జాతరకు నెలముందుగనే ఊరిపెద్దలును, పూజారులును, మ్రొక్కుబడులవారును కూర్చుండి, గుమ్మడికాయలెన్ని, పొంగలికుండలెన్ని తెప్పింపవలెనో లెక్క వేసికొందురుగాక.