ఏలూరు నీళ్లకు కాపలా: ఆల్చిప్పలు, బ్యాక్టీరియా ఆ పని చేయగలవా?

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు, ఒకరు చనిపోయారు. మొదటి అనుమానం కుళాయి నీళ్లపైనే. కానీ తొలి నీటి పరీక్షల్లో తేడా కనబడలేదు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండొచ్చని చివరికి ప్రభుత్వం చెప్పింది. అవి నీళ్లలో వచ్చాయా, కూరగాయల్లోనా అన్న చర్చ చాలా రోజులు నడిచింది.

ఇందులో ల్యాబ్ తప్పేమీ లేదు. ఏ విషం కోసం వెతకమంటే దాన్నే వెతుకుతుంది. పేరు తెలియని విషం వస్తే ఏం చేయాలి? పోలండ్ రాజధాని వార్సాలో నదినీళ్ల దగ్గర 8 ఆల్చిప్పలను కాపలా పెట్టారు. నీళ్లు బాగుంటే చిప్పలు తెరుచుకుని ఉంటాయి. విషం తగిలితే మూసుకుంటాయి, వాటికి అమర్చిన సెన్సర్ అలారం కొడుతుంది. ఏ విషమో అవి చెప్పలేవు, ఏదో తేడా ఉందని మాత్రం చెబుతాయి.

ఆర్సెనిక్ కథ వేరు. మన పెద్దలు పాషాణం అనేది దీన్నే. రంగు, రుచి, వాసన ఉండవు, కాచినా పోదు. తాగిన రోజునే ఏమీ కాదు. ఏళ్ల తరబడి తాగితే చర్మంపై మచ్చలు, క్యాన్సర్. లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత తక్కువ మోతాదుకు ఆల్చిప్ప కదలదు. అక్కడ బ్యాక్టీరియా కావాలి.

కొన్ని బ్యాక్టీరియాకు ఆర్సెనిక్ తగిలితే దాన్ని బయటికి తోసే జన్యువు మేలుకుంటుంది. ఆ స్విచ్‌కే వెలుగునిచ్చే జన్యువును కలిపితే, నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నప్పుడు బ్యాక్టీరియా మెరుస్తుంది. వియత్నాం, బంగ్లాదేశ్ బావుల నీళ్లపై ఈ పద్ధతిని పరీక్షించారు. 2006లో ఎడిన్‌బరో విద్యార్థులైతే నీటి ఆమ్లగుణం మారి, రంగు తేడా కనిపించేలా మరో రకం తయారుచేశారు. మామూలు కిట్‌లో విషవాయువు పుడుతుంది, ఇందులో ఆ బెడద లేదు.

గోదావరి డెల్టాకు ఏది ముందు? ఆర్సెనిక్ ముప్పు ఎక్కువగా గంగా, బ్రహ్మపుత్ర మైదానాలది. ఇక్కడ కాలువ నీళ్లే చెరువుల్లో నింపుకుని తాగే ఊళ్లు ఎక్కువ. వరి పొలాల మందులు, చేపల, రొయ్యల చెరువుల నీళ్లు కలిసేదీ ఆ కాలువల్లోనే. కాబట్టి ముందు ఆల్చిప్పలే. జన్యువు మార్చిన బ్యాక్టీరియాను ల్యాబ్ దాటించాలంటే 1989 నిబంధనల ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. ఆల్చిప్పకు ఆ గొడవ లేదు, మన కాలువల్లోనే దొరుకుతుంది.

అయితే అర్ధరాత్రి అలారం మోగితే వాల్వు కట్టేయమని చెప్పే అధికారం ఎవరిదో, అప్పటిదాకా వీధులకు ట్యాంకర్ ఎక్కడి నుంచి వస్తుందో మున్సిపాలిటీ ముందే రాసిపెట్టుకోవాలి.