ఆరోగ్యము: భోజనానంతరము నడక

నలువదియేండ్లు దాటిన పురుషులు రాత్రి భుజించి వెంటనే పడకకుర్చీలో వ్రాలుట మనకు నిత్యదృశ్యము. అన్నము చక్కెరయై రక్తమున హెచ్చు వేళ యదియే. నడచునపుడు కాలికండరములు ఇన్సులినుకై వేచియుండక యా చక్కెరను గ్రహించును. ఈ మేలు ఒకటి రెండు దినములకు మించి నిలువదు. ఆదివారము మాత్రము నడచి గొప్పలు చెప్పుకొనువారిని జూచి మేము నవ్వుకొందుము.

చెన్నపట్టణమున జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశోధనమున మధుమేహపు గడపనున్న 531 మంది పాల్గొనిరి. అధికులు నడివయస్సు పురుషులే. మామూలు సలహాతో సరిపెట్టుకొన్నవారిలో మూడేండ్లకు నూటికి 55 మందికి వ్యాధి రాగా, మితాహారము, నడక పాటించినవారిలో 39 మందికే వచ్చెను.

ఇన్సులినుగాని కొన్ని మాత్రలుగాని వాడువారికి నడకలో చక్కెర మితిమీఱి తగ్గి, వణకు, చెమట పుట్టవచ్చును. అట్టివారి జేబులో చక్కెర పొట్లముంచి పంపుడు; మందు మోతాదు సంగతి ముందుగా వైద్యునడుగుడు.