రోగీ ఆయనే... వైద్యుడూ ఆయనే!

‘నా దగ్గర ఇన్సులిన్‌ ఉంది. పనిచేస్తోంది. త్వరగా వచ్చెయ్‌!’

1923 మే నెలలో లండన్‌ నుంచి ఇటలీలోని ఫ్లారెన్స్‌ నగరానికి వెళ్లిన టెలిగ్రాం సారాంశమిది. పంపింది కింగ్స్‌ కాలేజ్‌ హాస్పిటల్‌లో బయోకెమిస్టు డాక్టర్‌ హారిసన్‌. అందుకున్నది ముప్ఫై ఏళ్ల డాక్టర్‌ రాబర్ట్‌ డేనియల్‌ లారెన్స్‌. అప్పటికాయన ఫ్లారెన్స్‌లో చిన్నగా ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. కానీ అంతదూరం వెళ్లింది సంపాదించడానికి కాదు. చనిపోవడానికి! కళ్లముందే కొడుకు రోజురోజుకీ కరిగిపోతుంటే ఇంట్లోవాళ్లు తట్టుకోలేరని దేశం దాటి వెళ్లిపోయాడు.

లారెన్స్‌ది స్కాట్లండ్‌లోని అబెర్డీన్‌. 1892లో పుట్టాడు. తండ్రిది బ్రష్షులు తయారుచేసే వ్యాపారం. ఫ్రెంచి, ఇంగ్లిషు ప్రధానాంశాలుగా డిగ్రీ చేసి గ్లాస్గోలో బంధువుల బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. కొన్ని వారాలకే ఆ పని తన వల్లకాదని తేలిపోయి, తిరిగొచ్చి మెడిసిన్‌లో చేరాడు. 1916లో పట్టా అందుకున్నాడు. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. సైన్యంలో డాక్టరుగా మన దేశ సరిహద్దు ప్రాంతానికీ వచ్చాడు. ఇక్కడ విరేచనాల జబ్బు పట్టుకోవడంతో 1919లో ఇంటికి పంపేశారు.

లండన్‌ చేరి కింగ్స్‌ కాలేజ్‌ హాస్పిటల్‌లో ఈఎన్‌టీ సర్జన్‌గా కుదురుకుంటున్నాడు. ఒకరోజు చెవి వెనక ఎముకకు చేసే ఆపరేషన్‌ని శవం మీద సాధన చేస్తుంటే, ఉలి దెబ్బకి ఎముక ముక్క ఎగిరొచ్చి కుడి కంట్లో పడింది. కన్ను చీము పట్టింది. ఆస్పత్రిలో చేరితే మామూలుగా చేసే పరీక్షలు చేశారు. మూత్రంలో చక్కెర! కంటికని వెళ్తే మధుమేహం బయటపడింది.

ఇప్పుడైతే ఆ మాట విని బాధపడతాం, మందులు మొదలుపెడతాం. 1920లో ఆ వయసువాళ్లకి అది మరణశిక్షే. మందు లేదు. ఉన్న వైద్యమల్లా పస్తు. న్యూయార్క్‌ డాక్టర్‌ ఫ్రెడరిక్‌ ఆలెన్‌ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. మూత్రంలో చక్కెర కనిపించనంత వరకూ తిండి తగ్గిస్తూపోవడమే. పిల్లలు ఎముకల గూళ్లయిపోయేవారు. అలా తగ్గిస్తే ప్రాణం కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో ఆగేది. అంతే. లారెన్స్‌ కూడా అదే పథ్యంతో నెట్టుకొచ్చాడు. సర్జరీ వదిలేసి హారిసన్‌ దగ్గర లేబొరేటరీలో పనిచేస్తూ, ఆ నీరసంలోనే ఎండీ థీసిస్‌ పూర్తిచేశాడు. ఆ తర్వాతే ఫ్లారెన్స్‌ ప్రయాణం.

ఈలోగా కెనడాలో ఒక అద్భుతం జరిగింది. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్‌ థాంప్సన్‌ అనే 14 ఏళ్ల అబ్బాయికి బాంటింగ్‌ బృందం ఇన్సులిన్‌ ఇచ్చింది. మొదటి ఇంజెక్షన్‌ సరిగా పనిచేయలేదు. శుద్ధిచేసి పన్నెండు రోజుల తర్వాత ఇచ్చిన మందు పనిచేసింది. అయితే ఆ మందు సముద్రం దాటి బ్రిటన్‌లో అందుబాటులోకి రావడానికి ఏడాదికి పైనే పట్టింది. ఆలోపు చలికాలంలో బ్రాంకైటిస్‌ వచ్చి లారెన్స్‌ పూర్తిగా దిగజారిపోయాడు. కాళ్లలో నరాలు దెబ్బతిన్నాయి. టెలిగ్రాం అందాక ఆ కాళ్లతోనే కారెక్కి, నానా అవస్థలూ పడి యూరప్‌ను దాటి మే 28న లండన్‌ చేరాడు. మే 31న మొదటి ఇంజెక్షన్‌. రెండు నెలలు ఆస్పత్రిలో ఉండి కోలుకున్నాడు.

అక్కడితో అయిపోతే ఇది ఒక అదృష్టవంతుడి కథ. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

ఇన్సులిన్‌ వచ్చిందిగానీ దాన్ని వాడటం ఎవరికీ సరిగా తెలియదు. తక్కువైతే కోమా. ఎక్కువైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మళ్లీ స్పృహ తప్పడం. పూటకో సూది, పూటకో లెక్క. ప్రతి పూటా డాక్టరు పక్కనుండడు కదా! ఆ లెక్కేదో రోగికే నేర్పేయాలన్నది లారెన్స్‌ పట్టుదల. రోజూ సూది గుచ్చుకునేవాడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? 1925లో ‘ద డయాబెటిక్‌ లైఫ్‌’ పుస్తకం రాశాడు. ఒకే పుస్తకం... డాక్టర్లకీ, రోగులకీ! అది 14 ముద్రణలకు వెళ్లింది. ఇంట్లో మూత్రపరీక్ష ఎలా చేసుకోవాలో, సూది ఎలా వేసుకోవాలో, ఏం తినాలో అన్నీ రోగులకి నేర్పేవాడు. మూత్రానికి బెనెడిక్ట్‌ ద్రావణం కలిపి కాచి రంగు చూసుకోవడమే అప్పటి పరీక్ష. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఇటుక ఎరుపుకి తిరిగితే ఎక్కువున్నట్టు. మన దగ్గరా పాతతరం షుగరు రోగులకి ఆ టెస్ట్‌ట్యూబూ, స్పిరిట్‌ దీపం గుర్తుండే ఉంటాయి.

పథ్యానికీ ఆయన ఒక తేలిక దారి కనిపెట్టాడు. పిండిపదార్థాలన్నీ ఒక పట్టిక, మాంసకృత్తులూ కొవ్వులూ ఉన్నవి మరో పట్టిక. దీన్లోంచి ఒక వంతు, దాన్లోంచి ఒక వంతు తీసుకుంటే ‘ఒక లైను’. రోగికి రోజుకి ఇన్ని లైన్లని చెబితే చాలు, ఆ లోపల నచ్చింది తినొచ్చు. ‘అది తినకు, ఇది ముట్టకు’ అనడంకన్నా ఇది ఎంత మర్యాదైన పద్ధతో!

పరిశోధనలోనూ తక్కువవాడు కాదు. వ్యాయామం చేస్తే ఇన్సులిన్‌ మరింత గట్టిగా పనిచేస్తుందని 1926లో రాశాడు. షుగరున్న గర్భిణుల మీద ఓక్లీతో కలిసి చేసిన పరిశీలన 1942లో వచ్చింది. అన్నిటికన్నా మనకి దగ్గరిది 1951 నాటి పేపరు. బోర్న్‌స్టీన్‌ అనే శాస్త్రవేత్తతో కలిసి రోగుల రక్తంలో ఇన్సులిన్‌ కోసం వెతికితే, రెండు రకాల మనుషులు కనిపించారు. అసలు ఇన్సులిన్‌ లేనివాళ్లు కొందరు. ఇన్సులిన్‌ ఉండి కూడా షుగరు వచ్చినవాళ్లు కొందరు. ఈ తేడా గురించి హిమ్స్‌వర్త్‌ 1936లోనే చెప్పాడుగానీ, రక్తంలో కొలిచి చూపడంతో అది మరింత బలపడింది. ఇప్పుడు టైప్‌ 1, టైప్‌ 2 అంటున్నది దీన్నే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్‌ అధ్యయనం మన దేశంలో ఉన్నారని లెక్కగట్టిన 10.1 కోట్ల మధుమేహుల్లో అత్యధికులది రెండో రకమే.

లారెన్స్‌ పేషెంట్లలో ‘టైమ్‌ మెషీన్‌’ రాసిన హెచ్‌.జి.వెల్స్‌ ఒకడు. 1934లో ఆ రచయిత ఇంట్లో కొందరు డాక్టర్లూ, రోగులూ సమావేశమై డయాబెటిక్‌ అసోసియేషన్‌ని స్థాపించారు. వైద్యుల సంఘాలు చాలానే ఉన్నాయి, రోగిని పక్కన కూర్చోబెట్టుకున్న సంఘం అప్పటికి అరుదు. ఇప్పటి ‘డయాబెటిస్‌ యూకే’ అదే. 1950లో అంతర్జాతీయ డయాబెటిస్‌ ఫెడరేషన్‌ ఏర్పడితే తొలి అధ్యక్షుడూ ఆయనే. మనం బాలల దినోత్సవం చేసుకునే నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరపడం, ఆ ఫెడరేషనూ ప్రపంచ ఆరోగ్య సంస్థా కలిసి 1991లో మొదలుపెట్టిందే. ఆరోజు బాంటింగ్‌ పుట్టినరోజు.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చినా లారెన్స్‌ రోగుల్ని చూడటం పూర్తిగా మానలేదు. 1968 ఆగస్టు 27న, 75 ఏళ్ల వయసులో, లండన్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. ఇన్సులిన్‌తో 45 ఏళ్లు బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, ముగ్గురు కొడుకుల్ని పెంచాడు. షుగరుతో 60 ఏళ్లు గడిపినవాళ్లకి డయాబెటిస్‌ యూకే ఇచ్చే పతకానికి లారెన్స్‌ పేరే పెట్టారు. 80 ఏళ్లు దాటినవాళ్లకిచ్చే పతకం హెచ్‌.జి.వెల్స్‌ పేరిట ఉంది.