టిబెట్ పద్దు: ఇచ్చినదెంత, వచ్చినదెంత?

2025 జూలైలో ధర్మశాలలో జరిగిన దలైలామా 90వ జన్మదినోత్సవానికి కేంద్ర మంత్రులు హాజరయ్యారు. ప్రధాని శుభాకాంక్షలు తెలిపారు. కాని వారసుని ఎంపిక ప్రసక్తి రాగానే, మత విశ్వాసాల విషయంలో ప్రభుత్వం ఏ వైఖరీ తీసుకోదని విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆగస్టు నెలాఖరున ప్రధాని చైనా వెళ్ళారు. ఒక చేత ఆదరణ, మరొక చేత మౌనం పట్టుకుని నడవడం ఢిల్లీకి కొత్త కాదు.

పాత పద్దు తిరగేయడం అవసరం. 1950 అక్టోబరులో చైనా సేనలు టిబెట్‌లో ప్రవేశించాయి. ఆ ప్రశ్నను ఎల్ సాల్వడార్ ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తగా, శాంతియుత పరిష్కారం సాధ్యమేనన్న భారత ప్రతినిధి మాటపై నవంబరులో చర్చ వాయిదా పడింది. అదే నెల 7న సర్దార్ పటేల్ ఉత్తర సరిహద్దుకు రానున్న ముప్పును గురించి నెహ్రూను లేఖా మూలకంగా హెచ్చరించారు. అయినా 1954 ఏప్రిల్ 29న కుదిరిన ఒప్పందంలో టిబెట్‌ను చైనాలోని ప్రాంతంగా మనం అంగీకరించాము. యాతుంగ్, గ్యాంట్సేలలోని సైనిక రక్షక దళాలను ఉపసంహరించి, తంతి తపాలా సౌకర్యాలను అప్పగించాము. ప్రతిగా సరిహద్దు రేఖకు గుర్తింపు పొందలేదు. ఎనిమిదేళ్ళ ఆ ఒప్పందం 1962 జూన్‌లో ముగిసింది. అక్టోబరులో యుద్ధం వచ్చింది.

నాడు టిబెట్‌ను కాపాడే సైనిక బలం మనకు లేదన్న వాదనను కాదనలేము. 1959లో నెహ్రూ దలైలామాకు ఆశ్రయమిచ్చిన సాహసమూ చిన్నది కాదు. అయితే బలం లేకపోవడం వేరు, బేరం చేయకపోవడం వేరు.

ఈ దోషం ఒక్క కాంగ్రెసుదే అనడం అన్యాయం. జనసంఘ్ నాయకునిగా నెహ్రూ టిబెట్ విధానాన్ని లోక్‌సభలో తూర్పారబట్టిన వాజపేయి, ప్రధానిగా 2003 జూన్‌లో టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనా భూభాగమేనని బీజింగ్‌లో అంగీకరించారు. సిక్కింపై లభించినది నాథూలా వాణిజ్యం ద్వారా పరోక్ష గుర్తింపు మాత్రమే. 2006 నవంబరులో చైనా రాయబారి అరుణాచల్ అంతా తమదేనన్నారు. 2018లో టిబెటన్ల కృతజ్ఞతా సభలకు దూరంగా ఉండవలసిందిగా నాయకులకు, అధికారులకు సూచన వెళ్ళింది. ఢిల్లీలో జరగవలసిన సభ ధర్మశాలకు తరలిపోయింది. రెండేళ్ళకు గల్వాన్‌లో 20 మంది సైనికులు నేలకొరిగారు. వారిలో సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు ఒకరు.

ప్రతిపక్షంలో గొంతెత్తడం, అధికారంలో గొంతు తగ్గించడం రాజధానిలో నేను చూసిన ఆనవాయితీ. ఇందులో నైతిక లోపంతో పాటు స్వార్థ హానీ ఉన్నది. మనం సరిహద్దుగా చెప్పుకునే మెక్‌మహాన్ రేఖకు ఆధారం 1914లో బ్రిటిష్ ఇండియా, టిబెట్ ప్రతినిధులు చేసిన సంతకాలు. ఆనాడు సంతకం చేసే అధికారం టిబెట్‌కు లేదంటే, మన రేఖ దేనిపై నిలుస్తుంది?

దలైలామా 1988లోనే స్వాతంత్ర్యం కోర్కెను పక్కన పెట్టి స్వపరిపాలన చాలునన్నారు. కనుక నేడు ఢిల్లీని ఎవరూ యుద్ధం చేయమనడం లేదు. 2010 నుంచి సంయుక్త ప్రకటనలలో పాత అంగీకారాన్ని పునరుద్ఘాటించకపోవడం మంచిదే. వారసుని నిర్ణయించే హక్కు దలైలామా సంస్థదే తప్ప బీజింగ్‌ది కాదని ఒక్క మాట చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఇన్నాళ్ళ మౌనానికి మాత్రం చాలా ఖరీదు చెల్లించాము.